వచ్చే ఏడాది ఈపాటికి

జూన్ 3

చిన్నోడికి,

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. చేస్తే నువ్వు మధ్యలో అడ్డం పడతావు, నేను అరుస్తాను, మీ బావ పక్క గదిలోంచి "మెల్లిగా, మెల్లిగా" అంటాడు, చెప్పాల్సింది చెప్పకుండానే అయిపోతుంది. ఉత్తరమైతే నీకు చివరిదాకా చదవక తప్పదు. కాబట్టి కూర్చుని చదువు.

నీ బొమ్మ పేపర్లో పడింది. నీ బొమ్మంటే నువ్వు వేసింది, అందులో ఉన్నది నేను. మా గొడుగుల ఫ్యాక్టరీలో, నా మిషన్ ముందు కూర్చుని గొడుగు గుడ్డ కుడుతున్నాను. చుట్టూ కుర్చీలన్నీ ఖాళీ. అంత హాలుకీ నేనొక్కదాన్నే. కింద పెద్ద అక్షరాలతో "ఎటూ తోచని కాలంలో ఆశను చూపిస్తున్న చిత్రకారుడు" అని రాశారు.

ఆ పేపరు నేనెక్కడ చూశానో తెలుసా? ఫ్యాక్టరీ గేటు ముందు. తాళం వేసి మూడో వారం నడుస్తోంది. ఉన్నవాళ్ళలో సగం మందినే తిరిగి తీసుకుంటాం, కావాల్సినవాళ్ళు విడివిడిగా వచ్చి సంతకం పెట్టి లోపలికి వెళ్ళండి అని మేనేజరు గేటుకి బోర్డు కట్టాడు. వస్తే అందరం వస్తాం, లేకపోతే ఎవరం రాము అని మేం టార్పాలిన్ కట్టుకుని బయట కూర్చున్నాం. అలాంటి చోటికి, గుడ్డ కత్తిరించే సెక్షన్‌లో ఉండే కత్తెరక్క ఆ పేపరు తెచ్చి, మడత విప్పి నా ఒళ్ళో పెట్టింది. ఏమీ అనలేదు. ఆవిడ నోరున్న మనిషి. అలాంటిది ఏమీ అనలేదంటే నాకు తల కొట్టేసినట్టయింది.

"అదేంటక్కా, లోపల నువ్వొక్కదానివే ఉన్నావు?" అంది పోయిన ఏడాది చేరిన కొత్తమ్మాయి. ఆ పిల్లకి ఎప్పుడేం అడగాలో తెలియదు. మిగతావాళ్ళకి తెలుసు కాబట్టి వాళ్ళు గేటువైపు చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం టీ గ్లాసులు ఒకరి చేతిలోంచి ఒకరికి సాగుతూ వచ్చి, నా పక్కావిడ దగ్గర ఆగిపోయాయి.

మీ బావ సంగతి వేరు. ఆయన ఆ ముక్క చక్కగా కత్తిరించి బీరువా తలుపుకి అంటించాడు. ఎంత బాగున్నావో అంటున్నాడు. ఇంకు మసిమసిగా అలుక్కుపోయింది, పేపరోళ్ళు సరిగ్గా నా నెత్తి దగ్గరే కోసేశారు. అందులో ఆయనకేం అందం కనబడిందో మరి.

ఆ బొమ్మ గోడ మీంచి తీసెయ్. ఇవాళే తీసెయ్. కారణం అడగకు, పైన రాశాను.

అక్క

దగ్గు తగ్గిందా? ఆ రంగుల వాసనలో పడుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు.


జూన్ 8

అక్కకి,

దగ్గు తగ్గింది. కోపం పెరిగింది.

పోయిన చలికాలం మీ ఫ్యాక్టరీకి ఎందుకొచ్చానో మర్చిపోయావా? మీరంతా మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకునే గదిలో, మూలన రేకు కుర్చీ వేయించుకున్నాను. ఒక్కొక్కరినీ అందులో కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాను. వచ్చే ఏడాది ఈపాటికి ఏం చేస్తుంటారు? ఎవరు ఏం చెబితే అది అప్పటికే జరిగిపోయినట్టు వేస్తానన్నాను. జరగచ్చేమో అన్నట్టు కాదు, జరిగిపోయినట్టు. నేను పనిచేసే పద్ధతి అది. ప్రదర్శనకి పేరు కూడా ఆ ప్రశ్నే పెట్టాను.

కత్తెరక్క ఏమంది? సముద్రం ఒడ్డున చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తుంటాను, ఇంట్లో ఎవరు తిన్నారో ఎవరు తినలేదో నాకు తెలియదు అంది. అలాగే వేశాను. గొడుగులకి ఊచలు బిగించే ఊచలత్త, పట్టపగలు వాకిట్లో కుర్చీ వేసుకుని నోరు తెరుచుకుని నిద్రపోతుంటానంది. నోరు తెరిచే వేశాను. కొత్తమ్మాయి బస్సు నడుపుతానంది. ఆ పిల్ల కాళ్ళు బ్రేకుకి అందేలా వెయ్యడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మరి నువ్వేమన్నావు? క్యారియర్ మూత నా మొహానికేసి ఊపుతూ, "నేనెక్కడికి పోతానురా, ఇదే మిషన్ దగ్గర ఇలాగే చస్తుంటాను" అన్నావు. ఇంకా ఏదో సణిగావు. అదీ వేశాను. నువ్వన్న ముక్క ఒక్కటి కూడా వదల్లేదు. చుట్టూ కుర్చీలు ఖాళీగా ఉన్నాయంటే, వాళ్ళందరూ వాళ్ళ వాళ్ళ బొమ్మల్లోకి వెళ్ళిపోయారని. పక్క గోడకి తిరిగి చూస్తే కనబడతారు. నువ్వు తిరిగి చూడవు, అసలు రానే రావు.

పేపరుకి నీ బొమ్మ ఒక్కటే ఇచ్చింది గ్యాలరీ ఆవిడ. ఊపిరికొకసారి ఆశావాదం అంటుంది ఆవిడ. ఫ్యాను తిరగకపోయినా ఆశావాదమే, జనం రాకపోయినా ఆశావాదమే. వేస్తే అన్ని బొమ్మలూ వేయించండి, లేకపోతే ఏదీ వద్దు అన్నాను. "అలా కుదరదండీ, ఒక్కటైతేనే కంటికి ఆనుతుంది" అంది. ఆవిడతో గొడవపడి గదికొచ్చేసరికి నీ ఉత్తరం.

నాకంటూ నాలుగు గోడలు దొరికింది ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళలో నన్ను ఎవరైనా అడిగితే "మావాడు బొమ్మలేసుకుంటూ ఉంటాడు" అనడమే తప్ప, పని చేస్తాడు అని నువ్వొక్కసారి అనలేదు. ఇప్పుడు ఆ పని గోడెక్కితే దించమంటున్నావు.

దించను.

చిన్నోడు


జూన్ 13

చిన్నోడికి,

నేను ఆ మాట అన్నాననే అనుకుందాం. అది చలికాలంలో అన్న మాట. అప్పటికి గేటు తెరిచే ఉంది. అప్పుడు "ఇక్కడే ఉంటాను" అంటే బద్ధకం. ఇప్పుడు "ఇక్కడే ఉంటాను" అంటే సంతకం పెట్టానని. ఈ తేడా నీకు తెలియదని నేననుకోను. తెలిసి కూడా దించనంటున్నావు, అదే నా కడుపు మండిస్తోంది.

అందరూ వేరే బొమ్మల్లోకి వెళ్ళిపోయారు, నేనొక్కదాన్నే లోపల మిగిలాను అని రాశావు. మేనేజరు చెప్పేదీ అదే కదరా. పొద్దున్నే మైకు పట్టుకుని, తెలివైనవాళ్ళు లోపలికొస్తారు, మిగతావాళ్ళు వాళ్ళ దారి వాళ్ళు చూసుకుంటారు అంటున్నాడు. ఆ మాటకి నువ్వు రంగులేసి ఫ్రేము కట్టించావు.

నిన్న కత్తెరక్క నోరు విప్పింది. "నీకు లోపల కుర్చీ ఖాయమైందటగా" అంది. అంతే. నేనూ ఆవిడా ఒకే నెలలో పనిలో చేరాం. నా రెండు పురుళ్ళకీ ఆసుపత్రి వరండాలో కూర్చున్నది ఆవిడే. ఆవిడ మొగుడు పోయినప్పుడు వాళ్ళింట్లో పడుకున్నది నేను. ఆ మనిషి నన్ను "అటగా" అని అడిగింది. జవాబు చెబుదామంటే నోట మాట రాలేదు. రాకపోయేసరికి అది కూడా నిజమే అనుకున్నారు.

గేటు దగ్గర ఏ పూట ఎవరు కూర్చోవాలో చూసుకునే పని మొదటినుంచీ నాది. దాన్ని ఊచలత్తకి అప్పగించారు. నాకు చెప్పలేదు, ఆవిడకి చెప్పారు. ఆవిడ నా మొహం చూడలేక టార్పాలిన్‌కి తాడు సరిచేస్తున్నట్టు నటించింది.

మేమేమైనా కొండమీది కోతిని తెమ్మన్నామా? మరుగుదొడ్లకి తలుపులు పెట్టమన్నాం. ఊచలు బిగించేవాళ్ళకి చేతి తొడుగులు ఇమ్మన్నాం. నా మిషన్ పైన బల్బు మాడిపోయి ఏళ్ళు గడిచాయి, అది మార్చమన్నాం. కిటికీ వెలుగు కోసం ఒరిగి ఒరిగి కుట్టి నా మెడ ఒకవైపుకి పట్టేసింది. ఎప్పుడడిగినా చూద్దాం, చూద్దాం అనేవాళ్ళు. అందరం కలిసి అడిగేసరికి తాళం వేశారు.

ఇందులో ఆశ ఎక్కడుందో చెప్పు. చల్లటి గదిలో తెల్లగోడకి వేలాడేదాన్ని ఆశంటారేమో. ఇక్కడ మేం పట్టుకు కూర్చున్నదాన్ని పంతం అంటారు. రెండూ ఒకటి కాదు.

సరే, బొమ్మ దించవు. పోనీ అందులో నా మొహం చెరిపెయ్. ఎవరో ఒక ఆడమనిషి అనుకుంటారు.

అక్క


జూన్ 17

అక్కకి,

మొహం చెరిపెయ్. ఎంత తేలిగ్గా రాసేశావు. నువ్వు కుట్టి ఇచ్చిన గొడుగులోంచి ఒక్క గుడ్డముక్క విప్పెయ్యమంటే విప్పుతావా? విప్పితే అది గొడుగేనా?

తిట్టబోయే ముందు నీ పైపెదవి కుడివైపు కొంచెం పైకి లేస్తుంది. చిన్నప్పుడు నేను వీధిలోంచి ఆలస్యంగా వచ్చినప్పుడల్లా ముందు అదే చూసేవాణ్ణి, ఎంత పడబోతుందో దాన్నిబట్టి తెలిసేది. ఆ పెదవి కుదరక బొమ్మలో నీ మొహం గీకేసి మళ్ళీ వేశాను, మళ్ళీ గీకేశాను. కుదిరిన రోజు బ్రష్షు కింద పెట్టి బయటికెళ్ళి ఒక్కణ్ణే టీ తాగాను, ఎవరికి చెప్పాలో తెలియక. దాన్ని చెరిపెయ్యాలి.

పంతం అన్నావు. నేను వేసింది పంతమే. ఆశ అని పేరు పెట్టింది గ్యాలరీ ఆవిడ. నామీద ఎందుకు పడతావు?

ఇంకో సంగతి కూడా రాస్తాను, ఎలాగూ ఎవరో ఒకరు మోసుకొస్తారు కాబట్టి. మొన్న మెరిసే బూట్లు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. మిగతా బొమ్మల దగ్గర ఆగలేదు. నేరుగా నీ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఫలానా గొడుగుల కంపెనీ తరఫున వచ్చాను, ఈ బొమ్మ మా యజమాని గదిలో పెట్టుకోవాలని ముచ్చటపడుతున్నారు అన్నాడు. "పనిమీద ఇంత శ్రద్ధ ఉన్న మనిషి మా ఫ్యాక్టరీలో ఉందని అందరికీ చూపించాలండీ" అన్నాడు.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఏం చెప్పానో మాత్రం నీకు రాయను. రాస్తే నమ్మవు. నా నోటి మాటకి నీ దగ్గర విలువ ఎప్పుడుంది గనక. బొమ్మ దించనన్నాను, దించలేదు. అంతవరకు నిజం.

మెడకి వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టించుకో. బావని పెట్టమను, పేపర్లు కత్తిరించే బదులు.

చిన్నోడు


జూన్ 21

చిన్నోడికి,

మీ బావ నాకు చెప్పకుండా బస్సెక్కి నీ ప్రదర్శనకి వెళ్ళొచ్చాడు. నువ్వు టీకి వెళ్ళావట, కనబడలేదట. "నీ మొహం మీద వెలుగు ఎంత బాగా పడిందో, పెళ్ళినాటికంటే బాగున్నావు" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. "నీ బొమ్మ పక్కన ఎర్ర చుక్క అంటించి ఉంది, ఏంటని అడిగితే అమ్ముడైపోయిందండీ అంది అక్కడావిడ. ఎవరో పెద్దవాళ్ళే కొని ఉంటారు" అని మురిసిపోయాడు. ఆయనకి నేను బూట్లాయన సంగతి చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది.

ఆ మనిషి వచ్చాడని రాసింది నువ్వే. ఏం చెప్పానో రాయనన్నది నువ్వే. ఎందుకు రాయనన్నావో ఇప్పుడర్థమైంది.

ఇకనుంచి నేను యజమాని కుర్చీ వెనక గోడ మీద కూర్చుని కుడుతుంటానన్నమాట. జీతం లేదు, సెలవు లేదు. సంతకం కూడా అక్కర్లేదు, నా బదులు తమ్ముడే పెట్టేశాడు.

కత్తెరక్క అడిగినప్పుడు జవాబు రాలేదని బాధపడ్డాను. మంచిదే అయింది. వచ్చి ఉంటే అబద్ధం చెప్పినదాన్నయ్యేదాన్ని.

ఉత్తరం రాయకు.


జూన్ 24

అక్కకి,

రాయకు అన్నావు, రాస్తున్నాను. సంతకం కూడా పెట్టకుండా పంపావు చూడు ఆ ఉత్తరం, దానికి జవాబు ఇవ్వకుండా ఉండే ఓపిక నాకు లేదు.

ఆ ఎర్ర చుక్క అంటించింది నేను. బూట్లాయన ఇంకా అక్కడ నిలబడి ఉండగానే, గ్యాలరీ ఆవిడ సొరుగు తెరిచి, ఆ చుక్కల కాగితంలోంచి ఒకటి ఊడదీసి, ఆయన కళ్ళ ముందే నీ పక్కన అంటించాను. ఆ చుక్క ఉంటే అది అమ్ముడైపోయినట్టు, ఇంకెవరూ అడగడానికి ఉండదు. "ఇప్పుడే కదండీ ఖాళీగా ఉంది" అన్నాడాయన. ఇప్పుడే అయిపోయింది అన్నాను. ఎవరికి అని గ్యాలరీ ఆవిడ అడిగింది, రోజూ అడుగుతూనే ఉంది. ఆవిడకీ చెప్పలేదు.

నా తోడబుట్టినదానికి నామీద ఆ మాత్రం నమ్మకం లేదు. అడగనైనా అడగలేదు. కత్తెరక్క నిన్ను అడగకుండా అనుకుందని ఏడ్చావు. నువ్వు చేసిందేంటి?

బొమ్మ దించేశాను. నువ్వు దించమన్నందుకు కాదు. రోజూ దాని ముందు నిలబడి, ఆ పెదవి చూసి, నువ్వు నన్ను తిట్టబోతున్నావని అనిపించే చోట పని చెయ్యలేక. అట్టలు చుట్టి సరుకుల వ్యానుకి ఎక్కించాను. మీ ఇంటికి పంపితే బావ దాన్ని మంచం వెనక దాచి రోజూ చూసుకుంటాడు. అందుకని గేటుకే పంపాను. నీ బొమ్మ, నీ ఇష్టం. చించుకుంటే చించుకో. గుడ్డ గట్టిది, కావాలంటే గొడుగు కుట్టుకో.

చిన్నోడు


జూన్ 29

చిన్నోడికి,

చెప్పేది వరసగా చెబుతాను, మధ్యలో పొంగిపోకు.

వ్యాను మొన్న మధ్యాహ్నం వచ్చింది. డ్రైవరు దిగి, చేతిలో చీటీ చూసుకుంటూ, "ఇక్కడ గేటు బయట అంటే మీరేనా?" అన్నాడు. అందరం వాడి మొహంలోకి చూశాం. చీటీ లాక్కుని చదివింది కత్తెరక్క. నా పేరు, కింద ఫ్యాక్టరీ పేరు, దాని కింద "గేటు బయట" అని నీ చేతిరాత. ఆవిడ అది రెండోసారి చదువుకోవడం నేను చూశాను.

నేను విప్పొద్దన్నాను. ఇంటికి తీసుకుపోతానన్నాను. అప్పటికే ఊచలత్త అట్టలకున్న తాడు పళ్ళతో తెంపుతోంది. చేతి తొడుగుల కోసం పోరాడే మనిషి పళ్ళు ఎలా వాడుతుందో చూడాలి నువ్వు. లోపల నీ బొమ్మ బయటపడింది. గేటుకి ఆనించి నిలబెట్టారు. నేను దూరంగా వెళ్ళి నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడ్డాను, ఎవరేమంటారో వినాలని లేక.

తర్వాత కత్తెరక్క గొంతు వినబడింది.

"ఇదేంటే, బల్బు వెలుగుతోంది."

"ఎక్కడ?"

"పైన చూడు. దాని మిషన్ మీద. వెలుగుతోందా లేదా?"

"వెలుగుతోంది. గుడ్డ మీద కూడా పడుతోంది వెలుగు" అంది ఊచలత్త.

"ఆ బల్బు నేను చేరినప్పటినుంచీ వెలగలేదుగా" అంది కొత్తమ్మాయి. ఆ పిల్ల అడగాల్సిన టైముకి అడిగిన మాట అదొక్కటే.

"అందుకే చెబుతున్నా. ఇది ఇప్పటి ఫ్యాక్టరీ కాదు. దీని మెడ చూడండి, నిటారుగా ఉంది. ఇది ఎప్పుడైనా ఇలా కూర్చుని కుట్టిందా?" అంది కత్తెరక్క. అని, నావైపు తిరిగి, "ఏమే, ఇలా రా. ఏం చెప్పావు మీ వాడికి?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. క్యారియర్ మూత ఊపుతూ, ఇదే మిషన్ దగ్గర ఉంటాను, వచ్చే ఏడాదికైనా ఆ మాడిపోయిన బల్బు మార్పిస్తాను, అప్పటిదాకా వదలను అన్నాను. సణిగావని రాశావు కదా, అది. నేనే మర్చిపోయాను. పేపరోళ్ళు నా నెత్తి దగ్గర కోసేశారని రాశాను గుర్తుందా? వాళ్ళు కోసేసింది ఆ బల్బుని. మీ బావ మొహం మీద వెలుగు పడిందన్నప్పుడైనా నాకు తట్టాల్సింది. ఆయన మాట నేనెప్పుడు పట్టించుకున్నాను గనక.

ఆ మాట వాళ్ళకి చెప్పాను. కత్తెరక్క టీ గ్లాసు తనే తెచ్చి చేతిలో పెట్టింది. తాగుతుంటే ఏడుపొచ్చింది. "వెధవ టీ, ఇంత వేడిగా పెట్టారేం" అన్నాను. ఆవిడ కూడా వేడిగానే ఉందంది.

తర్వాత ఏమైందో తెలుసా? అందరూ కలిసి నీమీద పడ్డారు. దీని బొమ్మ ఒక్కటే పంపి మావి ఎందుకు పంపలేదు అని. ఊచలత్త అయితే "నోరు తెరుచుకుని నిద్రపోతున్నట్టు వేశాడా? ఊళ్ళో వాళ్ళందరూ చూశాక ఇప్పుడు చెబుతావా?" అని నన్ను పట్టుకుంది. చెప్పింది నువ్వే కదా అంటే, చెబితే మాత్రం వేసేస్తాడా అంటుంది. జవాబు నువ్వే చెప్పుకో.

వాన పడింది సాయంత్రం. గొడుగులు కుట్టేవాళ్ళం, మా దగ్గర ఉన్నవి నాలుగే గొడుగులు. నాలుగూ నీ బొమ్మకే పట్టాం. ఇప్పుడది గేటుకి కట్టి ఉంది, మొహం లోపలివైపుకి, మేనేజరు గదిలోంచి కనబడేలా. మైకు పట్టుకోవడానికి వచ్చినప్పుడల్లా ఆయన ఆ బల్బు చూడాలి.

నీమీద కోపం పూర్తిగా పోలేదు. బూట్లాయనకి ఏం చెప్పావో ఆ రోజే రాసి ఉంటే నాకు వారం నిద్ర మిగిలేది. మన ఇంట్లో సారీ చెప్పడం ఎవరికీ రాదు కాబట్టి ఇది చదువుకో. నిన్న గేటు దగ్గర కాపలాకి కొత్తగా వచ్చిన పోలీసు ఎవరిదమ్మా ఈ బొమ్మ అని అడిగితే, మా తమ్ముడి పని అని చెప్పాను.

అక్క


జూలై 3

అక్కకి,

పోలీసుకి ఏం చెప్పావో చదివాను. ఇంకోసారి చదివాను. దాని గురించి ఏమీ రాయను.

ఇక్కడ గోడ మీద మేకు ఒక్కటే మిగిలింది. గ్యాలరీ ఆవిడ అక్కడ పూలకుండీ పెడదామంది. వద్దని, ఒక కాగితం మీద "ఈ బొమ్మ గేటు దగ్గర ఉంది" అని రాసి ఆ మేకుకి గుచ్చాను. వచ్చినవాళ్ళు అన్ని బొమ్మలూ చూసి, ఆ కాగితం దగ్గర ఆగి, ఏ గేటు అని అడుగుతున్నారు. చెబుతున్నాను. ఎందుకు తాళం వేశారంటే అదీ చెబుతున్నాను. దొడ్లకి తలుపుల సంగతి చెబుతుంటే గ్యాలరీ ఆవిడ మొహం చూడాలి నువ్వు. "ఇది ప్రదర్శన అండీ, ధర్నా కాదు" అంది నిన్న. మీరే కదండీ ఆశావాదం అన్నారు అన్నాను. కానీ ఇవాళ కిటికీలోంచి వానజల్లు కొట్టి ఆ కాగితం తడిసి అలుక్కుపోతే, తనే వేరే కాగితం మీద నాకంటే మంచి చేతిరాతతో రాసి గుచ్చింది. మనుషులు అర్థం కారు.

బొమ్మకి వాన తగలనివ్వకండి. తగిలినా రుద్దకండి, మెత్తటి పొడిగుడ్డ అద్దండి. వెనకవైపు ఎండ పడకూడదు. ఊచలత్తని పళ్ళు పెట్టొద్దని చెప్పు.

ఒకటి అడుగుతాను. ఆ ఖాళీ కుర్చీల వల్లే కదా ఇంత గొడవ. మీరు ఒప్పుకుంటే నేనొచ్చి, గేటు దగ్గరే కూర్చుని, వాటిల్లో అందరినీ వేసేస్తాను. ఎవరి కుర్చీలో వాళ్ళని. రెండు రోజుల పని. ఇక ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు.

చిన్నోడు


జూలై 8

చిన్నోడికి,

కుర్చీల సంగతి అందర్నీ అడిగాను. ముందు కొత్తమ్మాయి సరేనంది. కత్తెరక్క మాత్రం లేచి నిలబడింది. "నేను సముద్రం దగ్గరున్నాను. ఇన్నేళ్ళకి ఒక్కసారి వెళ్ళాను. మీ వాడు నన్ను మళ్ళీ లాక్కొచ్చి మిషన్ ముందు కూర్చోబెడితే చేతులు విరగ్గొడతానని రాయి" అంది. రాశాను. ఊచలత్త కూడా నిద్ర చెడగొట్టొద్దంది. కాబట్టి కుర్చీలు అలాగే ఉంచు. ఫ్యాక్టరీలో కుర్చీలు నింపుకోవడం మేం చూసుకుంటాం, బొమ్మలో వాళ్ళని సెలవులో ఉండనీ.

నువ్వు మేకుకి గుచ్చిన కాగితం చూసి ఎవరెవరో వస్తున్నారు. నిన్న ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక ముసలాయన వచ్చారు. ముసలాయన తన పాత గొడుగు తెచ్చి, ఇది మీరు కుట్టిందేనా అని అడిగాడు. కుట్టు చూసి నాదేనన్నాను. మళ్ళీ పేపరు వాళ్ళు కూడా వచ్చారు, వచ్చినవాళ్ళ కోసం బొమ్మని కాసేపు ఇటు తిప్పాం. ఈసారి బొమ్మ మొత్తం తీసుకోండి, పైన కొయ్యకండి అని కత్తెరక్క కెమెరా పక్కనే నిలబడింది.

దాంతో ఇవాళ మమ్మల్ని మాటలకి పిలిచారు. గేటు కొంచెం తెరిచి, ముగ్గురు రండి అన్నారు. కత్తెరక్క, ఊచలత్త, నేను. నన్ను మావాళ్ళే ఎంచుకున్నారు, అడగకుండానే. లోపల మేనేజరూ, బూట్లాయనా ఉన్నారు. బూట్లు నువ్వు రాసినట్టే ఉన్నాయి. మేనేజరు కాగితాలన్నీ సర్దుకుని, గొంతు సవరించుకుని, మొట్టమొదట ఏమన్నాడో తెలుసా?

"ముందు గేటుకి కట్టిన ఆ బొమ్మ తీసెయ్యండి. అది తీసేస్తే మాట్లాడుకుందాం" అన్నాడు.

కత్తెరక్క నావైపు చూసింది. ఊచలత్త నావైపు చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ గొంతు మాత్రం ఎందుకో చాలా మర్యాదగా వచ్చింది.

"కుదరదండీ. దాన్ని తీసెయ్యమని నేనే మా తమ్ముణ్ణి అడిగాను. తిట్టాను, ఏడ్చాను, మొహం చెరిపెయ్యమన్నాను. అంత అడిగినా వాడు చెరపలేదు. ఇక మీరు అడిగితే తీస్తామా?" అన్నాను.

ఇంకేం తేలలేదు ఇవాళ. రేపు మళ్ళీ రమ్మన్నారు. మొదటి మాట బొమ్మ గురించి కాకుండా పని గురించి అయితేనే కూర్చుంటామని చెప్పి వచ్చేశాం. ఏమవుతుందో తెలియదు. సగం మందినే అని మళ్ళీ అంటారేమో. అంటే మళ్ళీ బయటికొచ్చి కూర్చుంటాం.

వచ్చేటప్పుడు నా మిషన్ దాకా వెళ్ళి చూశాను. దుమ్ము పట్టి ఉంది. పైన బల్బు అలాగే మాడిపోయి ఉంది, సాలెగూడు కూడా కట్టింది. నీ బొమ్మలో వెలుగుతుండగా చూడ్డం అలవాటైపోయి, చీకటిగా కనబడేసరికి కోపం ముంచుకొచ్చింది. ఎప్పటినుంచో చీకటిగానే ఉంది, అయినా ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

నీ ప్రదర్శన అయిపోగానే వచ్చెయ్. మిగతా బొమ్మలన్నీ తీసుకురా, గేటు పొడుగునా చోటుంది, మీ బావ తాళ్ళు కొని సిద్ధంగా పెట్టాడు. ఊచలత్తది కూడా తీసుకురా, తిడుతుంది గానీ రోజూ అడుగుతోంది. బల్బు మాత్రం తేవద్దు. అది వాళ్ళ చేతే మార్పిస్తాం.

అక్క